పాత కంప్యూటర్ గేమ్స్ కొత్త ల్యాప్‌టాప్‌లో ఆడాలంటే ఎలా?

నల్గొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా నెట్ సెంటర్లు కిటకిటలాడిన రోజుల్లో చదువుకున్నవాళ్ల ఇళ్లలో ఒక సీడీల పౌచ్ ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. వైస్ సిటీ, ఐజీఐ, రోడ్ రాష్, క్రికెట్ 07, కెప్టెన్ క్లా. ఇంట్లో పిల్లలకు చూపిద్దామని కొత్త ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే దానికి సీడీ డ్రైవే ఉండదు. డ్రైవ్ తెచ్చి పెట్టినా ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అంటుంది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. దయచేసి వదిలేయకండి. గేమ్ ఏమీ పాడవలేదు, దాని చుట్టూ ఉన్న విండోస్ మారిపోయింది, అంతే. ఏ గేమ్ ఏ కాలానిదో చూసుకుని, దానికి ఆ కాలపు కంప్యూటర్‌లో ఉన్నట్టే అనిపించేలా చేస్తే ఎక్కువ శాతం నడుస్తాయి.

ముందు సీడీ, తర్వాతే ఆట

గేమ్ నడుస్తుందా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు సీడీలో ఉన్నది బయటికి తీయాలి. ఇంట్లో రైట్ చేసుకున్న సీడీల్లో డేటా నిలిచేది ఒక రంగు పొర మీద. దానికి వేడి, ఎండ పడవు. మన రోహిణి కార్తె ఎండలకు రేకుల గదిలో, కిటికీ పక్కన ఉన్న సీడీలు ఏటా కొంత చెడుతూనే ఉంటాయి. ఇంకో మాట. అందరూ మెరిసే వైపు గీతలు పడకుండా చూస్తారు, కానీ బొమ్మ ఉన్న వైపే ఎక్కువ జాగ్రత్త కావాలి. డేటా ఉండే పొర ఆ లేబుల్ కిందే పల్చగా ఉంటుంది. అక్కడ లోతుగా గీత పడితే ఇక చేసేదేమీ లేదు.

యూఎస్‌బీతో పెట్టుకునే డీవీడీ డ్రైవ్ ఒకటి సంపాదించండి. సీడీని మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవొద్దు. తర్వాత ఇమ్‌జీబర్న్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తాన్ని ఒక ఇమేజ్ ఫైల్‌గా కాపీ చేయండి. మామూలు డేటా సీడీ అయితే ఐఎస్ఓ ఫైల్ వస్తుంది. విండోస్ 10, 11లో దాని మీద డబుల్ క్లిక్ చేస్తే సీడీ పెట్టినట్టే తెరుచుకుంటుంది.

కొన్ని గేమ్ సీడీల్లో సంగీతం మామూలు పాటల సీడీలో ఉన్నట్టు విడి ట్రాక్‌లుగా ఉంటుంది. 1996 నాటి క్వేక్ అలాంటిదే. ఐఎస్ఓ చేస్తే గేమ్ వస్తుంది, సంగీతం పోతుంది. తెలుసుకోవడం తేలికే: సీడీని పాటల ప్లేయర్‌లో వేయండి, రెండో ట్రాక్ నుంచి మ్యూజిక్ వినిపిస్తే దాన్ని బిన్, క్యూ అనే జంట ఫైళ్లుగా దాచుకోవాలి. వీటిని తెరవడానికి పాటల ట్రాక్‌లను కూడా చదవగల వర్చువల్ సీడీ డ్రైవ్ ప్రోగ్రామ్ కావాలి.

ఇమేజ్‌లు ఒక్క పెన్‌డ్రైవ్‌లో పెట్టి నిశ్చింతగా ఉండకండి. ఒక హార్డ్ డిస్క్‌లో, ఇంకో కాపీ వేరే చోట ఉండాలి.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, సక్రమంగా కొన్న సాఫ్ట్‌వేర్ పోకుండా, పాడవకుండా బ్యాకప్ కాపీ చేసుకోవచ్చు. ఫుట్‌పాత్ మీద కొన్న పైరేటెడ్ సీడీలకు ఇది వర్తించదు. పైగా వాటిలో వైరస్ ఉండే ప్రమాదం ఎక్కువ. అలాంటి గేమ్ ఇప్పుడు అమ్మకంలో ఉందేమో జీఓజీ, స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్లలో చూడండి. జీఓజీ 2008 నుంచి పాత గేమ్స్‌ను కొత్త విండోస్‌కు సరిచేసి, సీడీ లాక్ (కాపీ చేయకుండా కంపెనీ పెట్టే అడ్డు) లేకుండా అమ్ముతోంది. డిస్కౌంట్ ఇచ్చే రోజుల్లో చాలా తక్కువకే వస్తాయి. దొరికేదైతే కొనేయడమే నా సలహా, సగం టెన్షన్ తప్పుతుంది.

డేవ్, ప్రిన్స్ కాలం గేమ్స్

డేంజరస్ డేవ్, 1989లో మొదట వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా లాంటి డాస్ (విండోస్‌కు ముందటి వ్యవస్థ) గేమ్స్ ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండే 64 బిట్ విండోస్‌లో నేరుగా అస్సలు నడవవు. 16 బిట్ ప్రోగ్రామ్‌లు నడిపే భాగమే అందులో లేదు. వీటికి పాత డాస్ కంప్యూటర్‌లా నటించే డాస్‌బాక్స్ వేసుకోండి, ఉచితం. గేమ్ ఫోల్డర్‌లోని ఈఎక్స్ఈ ఫైల్‌ను (గేమ్‌ను మొదలుపెట్టే ఫైల్) మౌస్‌తో పట్టుకుని డాస్‌బాక్స్ ఐకాన్ మీద వదిలితే ఆట మొదలవుతుంది. మరీ వేగంగా పరిగెడితే కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కండి, తగ్గుతుంది. నత్తలా ఉంటే కంట్రోల్, ఎఫ్12. మౌస్ లోపల ఇరుక్కుంటే కంట్రోల్, ఎఫ్10. ఫుల్ స్క్రీన్‌కు ఆల్ట్, ఎంటర్.

విండోస్ 95 నుంచి ఎక్స్‌పీ దాకా

కష్టమంతా ఈ కాలం గేమ్స్‌తోనే. ఒక్కొక్కటిగా చేసి చూడండి, అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ వద్దు. డీ డ్రైవ్‌లో గేమ్స్ అని ఫోల్డర్ చేసి అందులో వేయండి. ఆ కాలం గేమ్స్ సేవ్ ఫైళ్లను తమ ఫోల్డర్‌లోనే రాసుకునేవి, విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో అలా రాయడానికి విండోస్ ఒప్పుకోదు. ‘సేవ్ చేశాను, పోయింది’ అనే గొడవలో చాలా భాగం ఇదే.

తర్వాత గేమ్ ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ. అక్కడ విండోస్ ఎక్స్‌పీ ఎంచుకోండి. కెప్టెన్ క్లా లాంటి వాటిలో రంగులు చిందరవందరగా కనిపిస్తే 256 రంగుల ఆప్షన్ టిక్ చేయండి. డైరెక్ట్‌ప్లే అనే పాత విండోస్ భాగం కావాలని అడిగితే కంట్రోల్ ప్యానెల్‌లోని విండోస్ ఫీచర్స్‌లో, లెగసీ కాంపోనెంట్స్ కింద ఉంటుంది.

స్క్రీన్ నల్లగా ఉండిపోయినా, త్రీడీ బొమ్మలు చెదిరినా డీజీవూడూ2 అనే ఉచిత ప్రోగ్రామ్ వాడండి. పాత డైరెక్ట్ఎక్స్ ఆదేశాలను ఇది కొత్త గ్రాఫిక్ కార్డుకు తెలిసేలా మార్చి ఇస్తుంది. దాని ఎంఎస్ ఫోల్డర్‌లోని ఎక్స్86లో ఉన్న డీఎల్ఎల్ ఫైళ్లను గేమ్ ఈఎక్స్ఈ పక్కన పెడితే చాలు, తీసేయాలంటే ఆ ఫైళ్లు డిలీట్ చేస్తే సరి. ఐజీఐ కాలం నాటి గేమ్స్‌కు నేను మొదట ప్రయత్నించేది ఇదే.

సేఫ్‌డిస్క్ అనే లాక్ ఉన్న ఒరిజినల్ సీడీల గేమ్స్ విండోస్ 10, 11లో మొదలవవు. ఆ లాక్‌కు కావాల్సిన డ్రైవర్‌ను భద్రత దృష్ట్యా మైక్రోసాఫ్ట్ తీసేసింది. ఇక్కడ నెట్‌లో దొరికే క్రాక్ ఫైళ్ల జోలికి పోవద్దు. గేమ్ కంపెనీ ఇచ్చిన ప్యాచ్ (లోపాలు సరిచేసే ఫైల్) ఉందేమో చూడండి, లేకపోతే కొత్తగా అమ్ముతున్న కాపీ కొనండి.

వైస్ సిటీ, దాని తర్వాత వచ్చిన శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్లకు సైలెంట్‌ప్యాచ్ అనే ఉచిత ప్యాచ్ తప్పనిసరి అంటాను. మెనూలో ఫ్రేమ్ లిమిటర్ (సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్యకు హద్దు) ఆన్‌లోనే ఉంచండి, తీసేస్తే ఆట నడక దెబ్బతింటుంది. ఈ ప్యాచ్ చేసే సైలెంట్ అనే ప్రోగ్రామర్ 2025లో విప్పిన చిక్కు వింటే పాత గేమ్ ఎందుకు చెడుతుందో అర్థమవుతుంది. శాన్ ఆండ్రియాస్‌లో స్కిమ్మర్ అని నీళ్ల మీద దిగే విమానం ఉంది. విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్ వేసుకున్నవాళ్లకు అది మాయమైంది. తీరా వెతికితే తప్పు గేమ్‌లోనే ఉంది. వైస్ సిటీలో స్కిమ్మర్‌ను పడవగా రాశారు, పడవకు చక్రాల కొలత అక్కర్లేదు. తర్వాతి గేమ్‌లో విమానం చేశారు గానీ ఆ కొలత రాయలేదు. గేమ్ దాన్ని చదవబోతే, అంతకుముందు చదివిన బండి తాలూకు అంకె మెమరీలో మిగిలి ఉండేది, దాంతోనే ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చింది. కొత్త విండోస్ ఆ చోటును తన పనికి వాడుకునేసరికి అంకె చెరిగిపోయి, విమానం లెక్కకందని ఎత్తుకు వెళ్లిపోయింది. అందుకే బాగా నడుస్తున్న గేమ్ అప్‌డేట్ తర్వాత ఆగిపోతే రీఇన్‌స్టాల్ చేసే ముందు ఆ గేమ్‌కు కొత్త ప్యాచ్ వచ్చిందేమో చూడండి.

గేమ్ నడిచాక, ఏం మార్చారో అదే ఫోల్డర్‌లో ఒక నోట్‌ప్యాడ్ ఫైల్‌లో రాసి పెట్టండి: ఏ వెర్షన్ ప్యాచ్, ఏ టిక్కులు, ఏ డీఎల్ఎల్. ఫోల్డర్ మొత్తాన్ని ఇమేజ్ పక్కనే కాపీ చేసుకోండి.

అటక మీద పాత సీపీయూ ఉంటే

పాత ఇనుము వాళ్లకు వేసేయకండి. ఎక్స్‌పీ కాలం గేమ్స్‌కు అంతకంటే మంచి చోటు లేదు. ముందు దుమ్ము దులిపి, హార్డ్ డిస్క్ తీసి యూఎస్‌బీ అడాప్టర్‌తో అందులోని సేవ్ ఫైళ్లు కాపీ చేసుకోండి. వైస్ సిటీవి డాక్యుమెంట్స్‌లో ఉంటాయి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చండి, ఏ వాచీల షాపులోనైనా దొరుకుతుంది. ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2014లోనే ఆగిపోయాయి కాబట్టి దానికి నెట్ మాత్రం కనెక్ట్ చేయొద్దు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తోనే మార్చుకోండి.