క్రోనో అంకె తేడాగా వస్తే ముందు తూటాలను తిట్టకండి

మా అమ్మాయి 25 మీటర్ల పిస్టల్ ఆడుతుంది. సైనిక్‌పురి నుంచి గచ్చిబౌలి దాకా కారు నడపడం, టిఫిన్ డబ్బా మోయడం, తూటా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ చూసుకోవడం నా డ్యూటీ. రిటైరయ్యేదాకా కొలిచే మీటర్లతోనే బతికాను కదా, ఆ మూడో పని మాత్రం ఇష్టంగా చేస్తాను.

మొదటి రోజే గొడవ. .22 తూటాల పెట్టె మీద వేగం సెకనుకు 330 మీటర్లని ఉంది. మాకు వచ్చినవి 287, 291, 284, 289. ‘నాన్నా, పాత సరుకు అంటగట్టారు’ అంది. పాపం, అమ్మినవాడి తప్పేం లేదు. ఆ పెట్టె మీది అంకె రైఫిల్ బ్యారెల్‌లో కొలిచింది. పిస్టల్ బ్యారెల్ ఐదారు అంగుళాలే ఉంటుంది, గ్యాస్ తూటాను తోసే దూరం తక్కువ. 280, 290 రావడం మామూలే. మీటర్లా, అడుగులా అన్నది కూడా చూసుకోండి. 940 అని చూసి కంగారుపడిన ఒకాయన అంకెను 3.28తో భాగిస్తే మా 287 దగ్గరికే వచ్చింది.

మాది రెండు కళ్ళ మెషిన్. తూటా నీడ మొదటి సెన్సర్ మీద పడగానే లోపల గడియారం మొదలవుతుంది, రెండోదాని మీద పడగానే ఆగుతుంది. మధ్యలో ఒక అడుగు, అంటే 305 మిల్లీమీటర్లు. తూటా దాన్ని దాటడానికి సెకనులో వెయ్యో వంతు కంటే కాస్తే ఎక్కువ పడుతుంది. మొదటి కన్ను తొందరపడితే సమయం పెరిగి అంకె తగ్గుతుంది. రెండోది తొందరపడితే అంకె పెరుగుతుంది. నేను ఏ తేడా రీడింగ్ వచ్చినా ఇక్కడి నుంచే వెతుకుతాను.

ఒక ఆదివారం పేల్చిన పది రౌండ్లూ ఐదేసి మీటర్లు ఎక్కువ చూపించాయి. అన్నీ కలిసి ఒకే వైపు జరిగితే గుళ్ళను అనుమానించకండి, మెషిన్‌ను చూడండి. మాది మడత ఫ్రేమ్. మడత దగ్గర ఇసుక ఇరుక్కుని పూర్తిగా తెరుచుకోలేదు. టేపు పెట్టి కొలిస్తే సెన్సర్ల మధ్య 300 మిల్లీమీటర్లే ఉంది. 288 రావాల్సింది 293 వచ్చిందంటే వింతేముంది? మెషిన్ కాస్త వంకరగా ఉందని చాలామంది టెన్షన్ పడతారు గానీ, ఐదు డిగ్రీలు వంకర పోయినా తేడా ఒక మీటరే.

మధ్యలో ఒక్కటి మాత్రం 412 లాగా ఎగిరితే అది వెలుతురు పని కావచ్చు. షెడ్డులో ట్యూబ్‌లైట్లు, కొన్ని ఎల్‌ఈడీలు మన కరెంటుకు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు, సెన్సర్‌కు తెలుస్తుంది. ఏటవాలు ఎండ నేరుగా సెన్సర్ కంట్లో పడినా ఇదే తంతు. ఎండలో పైన వెలుతురును సమంగా పరిచే తెల్లటి డిఫ్యూజర్ రేకు పెట్టండి. మెషిన్ మరీ దగ్గరున్నా ఇబ్బందే, బ్యారెల్ నుంచి ఎగిరే గ్యాస్, కాలని పౌడర్ రేణువులు సెన్సర్‌ను మోసం చేస్తాయి. మేం మూడు మీటర్లు దూరం పెడతాం. దాన్ని సర్దడానికి ముందుకు వెళ్ళేది మాత్రం రేంజ్ ఆఫీసర్ లైన్ మొత్తం కాల్పులు ఆపించాకే.

ఒక్కదాంట్లో మాత్రం మెషిన్‌ను అనుమానిస్తూ కూర్చోకూడదు. చప్పుడు ‘తుస్సు’మని వచ్చి, అంకె బాగా పడిపోయినా, అసలు రాకపోయినా ట్రిగ్గర్ మీంచి వేలు తీసేయండి. గన్ ముఖం టార్గెట్ వైపే ఉంచి కాసేపు ఆగి, ఖాళీ చేసి, తూటా బ్యారెల్‌లో ఇరుక్కుందేమో చూపించుకోండి. దాని వెనక ఇంకోటి పేలిస్తే బ్యారెల్ చీలిపోవచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాక అప్పుడు గుళ్ళ సంగతి. మే నెలలో పెట్టెను ఎండ పడే బెంచీ మీద పెడితే పౌడర్ వేడెక్కి వేగం మారొచ్చు. మేం తడిగుడ్డ కప్పిన డబ్బాలో పెడతాం. నూనె రాసిన బ్యారెల్‌లో మొదటి ఒకట్రెండు రౌండ్లు లెక్కలోకి రావు. మా మిత్రుడి .32 రివాల్వర్‌తో ఒక పూటంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాం. ప్రతి ఆరో గుండు మిగతావాటికంటే తక్కువ వస్తోంది. తూటాలు పెట్టే సిలిండర్ గదులకు చాక్‌పీస్‌తో నంబర్లు వేస్తే దొంగ దొరికాడు, ఎప్పుడూ నాలుగో గదే. ఆ రౌండ్లలో పౌడర్ తూటా కేసంతా నిండదు కూడా. గన్ ముఖం కిందికి దించి ఎత్తితే ఒక అంకె, పైకి ఎత్తి దించితే ఇంకో అంకె రావచ్చు. అందుకే ప్రతిసారీ ఒకేలా ఎత్తమంటాను.

రెండు లాట్లను, అంటే వేర్వేరు విడతల్లో తయారైన సరుకును పోల్చాలంటే మూడు గుళ్ళు చాలవు, ఒక్కోదానికి కనీసం పదైనా కావాలి. మన దగ్గర ప్రతి రౌండుకూ లెక్క ఉంటుంది కాబట్టి మనసు ఒప్పదు. అయినా బాగా తెలిసిన పాత లాట్ పెట్టె ఒకటి పక్కన పెట్టుకున్నాం. ప్రతి కొలత రోజూ అమ్మాయి అందులోంచి ముందు ఐదు పేలుస్తుంది. అవి 288 చుట్టూ వస్తేనే కొత్త పెట్టె విప్పుతాం.

మొన్న కొత్త లాట్ సగటు 282 వచ్చింది. అమ్మాయి మొహం వాడిపోయింది. కారులో కూర్చుని కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆరు మీటర్ల తేడాకు 25 మీటర్ల దగ్గర తూటా అదనంగా దిగేది రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. ప్రెసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల రింగు వెడల్పు 50 మిల్లీమీటర్లు. కాగితం చూసి, ‘అయితే ఆ తొమ్మిదులు నావేనా?’ అంది. నేను కారు స్టార్ట్ చేశాను.