రీస్టార్ట్ కొట్టేముందు రెండు నిమిషాలు

మలక్‌పేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ సర్వర్ బాధ్యత నాది. పొద్దున ఏడింటికే అక్కడ కుర్చీలన్నీ నిండిపోతాయి. షుగర్ టెస్టుకని పరగడుపున వచ్చిన పెద్దవాళ్లే ఎక్కువ. బిల్లు పడి, బార్‌కోడ్ స్టిక్కర్ వస్తే గానీ రక్తం తీయరు. ఆ స్టిక్కర్ రావాల్సింది సర్వర్ నుంచి. అది ఐదు నిమిషాలు మొరాయిస్తే లైను మెట్ల దాకా వెళ్తుంది. అప్పుడు రిసెప్షన్ తమ్ముడి దగ్గర్నుంచి నాకు ఫోన్: "అక్కా, సిస్టమ్ మళ్ల ఆగింది. రీస్టార్ట్ కొట్టాల్నా?"

వద్దంటాను. రీస్టార్ట్ చేస్తే బాగైనట్టే ఉంటుంది గానీ, ఎందుకు ఆగిందో చెప్పే ఆనవాళ్లు చాలావరకు తుడిచిపెట్టుకుపోతాయి. మర్నాడు అదే టైముకి మళ్లీ అదే ఫోన్. రెండు నిమిషాలు ఓపిక పట్టి ఏం చూడాలో ఇక్కడ చెప్తాను. మెషీన్లలో ఉన్నది ఉబుంటు అనే లినక్స్. కమాండ్లను తమ్ముడికి ఫోన్లో చెప్పినట్టే పలికి రాస్తున్నా, మీరు కీబోర్డు మీద ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరం కావాల్సిన చోట ప్రత్యేకంగా చెప్తాను.

మొదటిది ‘ఫ్రీ’. ఫ్రీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ హెచ్. హెచ్ పెడితే అంకెలు మనం చదువుకునేలా జీబీల్లో, ఎంబీల్లో వస్తాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. నేను రాకముందు ఆ సెంటర్ వాళ్లు ‘ఫ్రీ’ అనే కాలమ్‌లో 300 ఎంబీ చూసి ర్యామ్ చాలట్లేదని తేల్చేశారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, 8 జీబీ ఉన్నదాన్ని 16 చేయించుకొచ్చారు. వారం తిరిగేసరికి ఆ కాలమ్‌లో మళ్లీ 300 ఎంబీయే. సెంటర్ ఆగడం మాత్రం ఆగలేదు.

లినక్స్ ర్యామ్‌ను ఖాళీగా ఉంచదు. ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంటే బియ్యం బస్తాలు, పాత పరుపులు పెట్టుకుంటాం, చుట్టాలొస్తే తీసేసి గది ఇస్తాం. డిస్కు నుంచి చదివిన ఫైళ్లను లినక్స్ అలాగే మిగిలిన ర్యామ్‌లో పెట్టుకుంటుంది. అదే ‘బఫ్/క్యాష్’ కాలమ్. ఏదైనా ప్రోగ్రాం అడిగితే అందులో చాలాభాగం వదిలేస్తుంది. అందుకే మీరు చూడాల్సింది చివరి కాలమ్, ‘అవైలబుల్’. కొత్త ప్రోగ్రాంకి ఎంత ఇవ్వగలదో కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) వేసిన అంచనా అది. 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ నుంచి ఈ లెక్క నేరుగా దొరుకుతోంది. ఆ రోజు నేను చూసినప్పుడు ఫ్రీ 300 ఎంబీ, అవైలబుల్ 6 జీబీ పైనే. ర్యామ్ కొరత లేనే లేదు. మొత్తంలో పదో వంతు కన్నా అవైలబుల్ తగ్గితేనే నేను మెమరీ వైపు అనుమానంగా చూస్తాను.

క్యాష్‌ను బలవంతంగా ఖాళీ చేసే కమాండ్‌ను గంటకోసారి నడపమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి వినకండి. దాచుకున్న ఫైళ్లన్నీ మళ్లీ డిస్కు నుంచి చదవాల్సి వచ్చి మెషీన్ ఇంకా నెమ్మదిస్తుంది.

మరి ఆగుతున్నది ఎందుకు? దీనికి నేను ఎక్కువగా నమ్ముకునేది ‘వీఎంస్టాట్’. వి, ఎం, ఎస్, టి, ఏ, టి కలిపి రాసి, స్పేస్ 1, స్పేస్ 10. సెకనుకో లైను చొప్పున పది లైన్లు వస్తాయి. మొదటి లైను వదిలేయండి, అది మెషీన్ ఆన్ అయినప్పటి నుంచి సగటు. రెండో లైను నుంచి ఇప్పటి సంగతి. అందులో నా కళ్లు ముందు ‘ఎస్ఐ’, ‘ఎస్ఓ’ మీదికి పోతాయి. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీద వాడుకునే చోటు) నుంచి ర్యామ్‌లోకి, ర్యామ్ నుంచి స్వాప్‌లోకి సెకనుకు ఎంత కదులుతోందో అవి చెప్తాయి. స్వాప్‌లో ఎప్పటిదో కొంత పడి ఉంటే భయం లేదు. ఈ రెండూ ఆగకుండా వందల్లో, వేలల్లో కదులుతుంటే మాత్రం ర్యామ్ నిజంగానే చాలట్లేదు.

ఆ పొద్దున రెండూ సున్నా. కానీ ‘బి’ కాలమ్‌లో వరసగా 5, 6, 5. అంటే ఐదారు ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాంలు) కదలకుండా ఎదురుచూస్తున్నాయి. ‘డబ్ల్యూఏ’లో 60 శాతం పైన. సీపీయూ చేతిలో పని లేక కాదు, డిస్కు ఎప్పుడిస్తుందా అని కూర్చుంది. ‘అప్‌టైమ్’ కొడితే లోడ్ యావరేజ్, అంటే నడుస్తున్నవీ ఎదురుచూస్తున్నవీ కలిపి ప్రాసెస్‌ల సగటు లెక్క, 7 దాటింది. ఆ మెషీన్‌లో కోర్లు నాలుగే (‘ఎన్‌ప్రాక్’ కొడితే తెలుస్తుంది). లోడ్ ఎక్కువుంటే సీపీయూ మీద భారం అనుకోకండి. లినక్స్ డిస్కు కోసం ఆగినవాటిని కూడా ఆ లెక్కలో కలుపుతుంది. అప్‌టైమ్ చూపే మూడు అంకెలు వరసగా ఒకటి, ఐదు, పదిహేను నిమిషాల సగటు. మొదటిది మూడోదానికన్నా పెద్దదైతే ఇబ్బంది ఇప్పుడే ముదురుతోందన్నమాట.

డిస్కును పట్టుకున్నదెవరో ‘ఐఓటాప్’ చెప్పింది. ఇది విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ముందు సుడో (అడ్మిన్ హక్కులిచ్చే మాట) పెట్టి నడపాలి, హైఫన్ ఓ ఇస్తే పని చేస్తున్నవే కనిపిస్తాయి. పైన ఉన్నది బ్యాకప్. రాత్రి 2 గంటలకు మొదలై తెల్లారకముందే అయిపోవాల్సింది, డేటా పెరిగేకొద్దీ సాగి సాగి పొద్దున 8 దాకా వస్తోంది. మొదలయ్యే టైమును రాత్రి 10కి మార్చాను. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

‘టాప్’ చాలామందికి తెలిసిందే, నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా చూపిస్తుంది. నడుస్తుండగా పెద్ద ఎం నొక్కితే మెమరీ వరస, పెద్ద పి నొక్కితే సీపీయూ వరస, క్యూ నొక్కితే బయటికి. ‘ఆర్ఈఎస్’ కాలమ్ చూడండి, అది ప్రోగ్రాం నిజంగా ర్యామ్‌లో పట్టుకున్న చోటు. ‘వీఐఆర్‌టీ’ అది అడిగిపెట్టుకున్న మొత్తం, ఎంత పెద్దగా ఉన్నా కంగారు పడొద్దు.

ఇక దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచి సంగతి వేరు. అక్కడ 8 జీబీ మెషీన్, స్వాప్ లేదు. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో డేటాబేస్ ఉన్నట్టుండి పడిపోయేది. ముందు సుడో పెట్టి, ‘డి, ఎం, ఈ, ఎస్, జి’ కలిపి కొట్టి, స్పేస్, హైఫన్ పెద్ద టి. చివర్లో చూస్తే ‘అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్’ అని డేటాబేస్ పేరు. ర్యామ్ పూర్తిగా అయిపోతే కెర్నెల్ ఏదో ఒక ప్రోగ్రాంని చంపి చోటు చేసుకుంటుంది. మామూలుగా అందరికన్నా ఎక్కువ పట్టుకున్నదే బలవుతుంది. కానీ బలైనదే దోషి అని లేదు. అప్పటికే రీస్టార్ట్ కొట్టేసి ఉంటే ‘జర్నల్‌సీటీఎల్’, హైఫన్ కె, హైఫన్ బి, హైఫన్ 1 అని స్పేసులిస్తూ కొట్టండి. లాగ్ డిస్కు మీద దాచుకునే ఏర్పాటు ఉంటే కిందటి బూట్ తాలూకు కెర్నెల్ మాటలు దొరుకుతాయి.

అసలు ఎవరు తింటున్నారో తెలియాలంటే ఒక్కసారి చూస్తే సరిపోదు, రోజంతా రాసుకోవాలి. ‘పీఎస్’, హైఫన్ ఈఓ, ఆపైన పీఐడీ, ఆర్ఎస్ఎస్, సీఓఎంఎం అని మధ్యలో స్పేస్ లేకుండా కామాలతో. మళ్లీ స్పేస్ ఇచ్చి రెండు హైఫన్లు, సార్ట్, ఈక్వల్, హైఫన్, ఆర్ఎస్ఎస్. దాన్ని ‘హెడ్’కి పైప్ చేసి (నిలువు గీత పెట్టి హెడ్ అంటే పై పది లైన్లే వస్తాయి), ముందు తేదీతో సహా ఒక ఫైల్ చివర చేర్చేలా క్రాన్‌లో (చెప్పిన టైముకి పనులు నడిపేది) 5 నిమిషాలకోసారి పెట్టాను. ఆర్ఎస్ఎస్ అంటే టాప్‌లో చూసిన ఆర్ఈఎస్సే, కేబీల్లో వస్తుంది. సాయంత్రం ఆ ఫైల్ తీస్తే డేటాబేస్ పొద్దుట్నుంచి 3.4 జీబీ దగ్గరే నిలకడగా ఉంది. రిపోర్టులను పీడీఎఫ్ చేసే సర్వీసు మాత్రం 7 గంటలకు 400 ఎంబీ, 9కి 1.1 జీబీ, 11కి 2.2, ఒంటిగంటకు 3.1. రిపోర్టు తయారైనా దాని మెమరీ వదలట్లేదు.

ఆ నాలుగు అంకెలూ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు పంపాను. అంతకుముందు నెల రోజులు "మీ సర్వర్ సరిపోదు" అన్నవాళ్లు ఈసారి ఆ మాట అనలేకపోయారు. సరిచేసి ఇచ్చేదాకా ఆ ఒక్క సర్వీసునే 10:30కి రీస్టార్ట్ అయ్యేలా పెట్టాను. డేటాబేస్ మళ్లీ పడలేదు.

ఇంత రాసుకునే ఓపిక లేకపోతే ‘సిస్‌స్టాట్’ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, దాని లెక్కల సేకరణ ఆన్‌లో ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. మామూలుగా పది నిమిషాలకోసారి లెక్కలు దాస్తుంది. ‘సార్’ (ఎస్, ఏ, ఆర్), స్పేస్, హైఫన్ ఆర్ కొడితే పొద్దున్నించి మెమరీ, హైఫన్ క్యూ కొడితే లోడ్. ఏ ప్రోగ్రాం తిన్నదో మాత్రం ఇందులో తెలియదు, దానికి పీఎస్ ఫైలే దిక్కు.

మలక్‌పేట రిసెప్షన్ మానిటర్ పక్కన ఇప్పుడొక కాగితం అంటించి ఉంది. ఫ్రీ, వీఎంస్టాట్, అప్‌టైమ్. తమ్ముడు మూడూ కొట్టి, స్క్రీన్ ఫొటో వాట్సాప్‌లో పంపాకే ఫోన్ చేస్తున్నాడు.