పడ్డ రాయిని పారేయకండి

మిర్యాలగూడ రైస్ మిల్లుల బాయిలర్ కాడ పని నాది. చెమట ఎక్కువ, నీళ్లు తాగుడు తక్కువ. రెండుసార్లు కిడ్నీల రాళ్లయినయి. మొదటిది లెట్రిన్ల కొట్టుకపోయింది, అది ఏం రాయో తెలువకనే పోయింది. మీరట్ల చెయ్యకండి.

నొప్పి మొదలైన రోజే చాయ జాలీ ఒకటి పక్కకు పెట్టుకోండి, మళ్ల వంటింట్లకు పోవద్దది. డబ్బాల మూత్రం పోసి వడగట్టాలె. ప్రతిసారి, రాత్రి లేచినా సరే. నాకు మూడో రోజు తెల్లారి దొరికింది: ఆవగింజంత, గోధుమ రంగు, పల్లేరుకాయ లెక్క ముండ్లు. కడిగి, ఆరబెట్టి, మూతున్న డబ్బాల వేసి యూరాలజీ డాక్టర్‌కు ఇయ్యండి. కాల్షియం ఆక్సలేటా, యూరిక్ యాసిడా ల్యాబ్‌ల తేలుతది. పథ్యం, మందులు దాన్ని బట్టే.

జ్వరం, చలి వచ్చినా, మూత్రం బందైనా జాలీ ఇడిచిపెట్టి వెంటనే దవాఖానకు ఉరుకుండ్రి.

కోతంటే భయమా? సుశ్రుతుని కాలంల రాయిని కోసే తీసిన్రు. 1877ల జర్మనీ డాక్టర్ మాక్స్ నిట్జె చేసిన సిస్టోస్కోప్ అనే గొట్టంతోని మూత్రసంచి లోపలికి చూసే దారి దొరికింది. 1980 ఫిబ్రవరిల మ్యూనిక్‌ల ఒక రోగి కిడ్నీ రాయిని బయటి నుంచే షాక్ తరంగాలతో పగలగొట్టిన్రు. ఎంత పెద్ద మేలు!

మూత్రం రోజుకు రెండున్నర లీటర్లు వచ్చేటట్టు నీళ్లు తాగాలె.

స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రసంచికి మూత్రం దిగేటందుకు లోపల పెట్టే సన్న గొట్టం) వేస్తే, తీసే తేదీని క్యాలెండర్ల సున్నా చుట్టి పెట్టుకోండి. మా మిల్లు హమాలీ ఒకాయన మరిచిపోయి ఏడాది మోసిండు, దానిచుట్టూ మళ్ల రాయి పేరుకున్నది.