శరణార్థులతో పని – 4వ పాఠం: వేలిముద్ర కంటే ముందు

పోయిన పాఠంలో శిబిరానికి కొత్తగా వచ్చిన కుటుంబంతో మాట కలపడం చూశాం. ఇప్పుడు ఫారం నింపడం. ఇందులో నేర్చుకోవడానికి ఏముందనుకునేవాళ్లు కింది సంగతి చదవండి.

2017 ఆగస్టు తర్వాత సైన్యం దాడులకు తాళలేక 7 లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు వచ్చిపడ్డారు. 2018లో అక్కడి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కలిసి వాళ్ల ఫొటోలు, వేలిముద్రలు తీసుకుని స్మార్ట్ కార్డులు ఇవ్వడం మొదలుపెట్టాయి. సాయం అందాలంటే ఆ కార్డు కావాలి. ఆ వివరాలే తర్వాత బంగ్లాదేశ్ ద్వారా మయన్మార్ ప్రభుత్వానికి వెళ్లాయి. ఎవరికి భయపడి పారిపోయి వచ్చారో వాళ్ల చేతికే! 2021లో వెలువరించిన నివేదిక కోసం హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ 24 మందిని అడిగితే, ఒక్కరు తప్ప అందరూ మాకీ సంగతి చెప్పలేదన్నారు. ఇచ్చిన రసీదులో మాత్రం ‘సమ్మతమే’ అని టిక్ ఉంది, అదీ ఇంగ్లీషులో. అడిగే తీసుకున్నామని శరణార్థి సంస్థ అంటుంది. అడిగారనే అనుకుందాం. బియ్యం కార్డు ఇచ్చే బల్ల దగ్గర అడిగితే ఎవరు కాదంటారు?

అందుకే సాయం కోసం అడిగేదీ, వివరాలు వాళ్ల ప్రభుత్వానికి పంపవచ్చా అని అడిగేదీ ఒకే గుక్కలో అడగకండి. ముందు సాయం నమోదు పూర్తిచేసి, కార్డు చేతికివ్వండి. ఆ తర్వాత, వీలైతే ఇంకో రోజు, ఇలా మొదలుపెట్టండి:

“అమ్మా, మీ కార్డు మీకు వచ్చేసింది. ఇప్పుడు అడిగేది వేరే విషయం. మీ పేరు, ఊరు, ఫొటో మీ దేశం ప్రభుత్వానికి పంపమంటారా? వద్దన్నా మీ రేషన్ ఆగదు.”

ఆమె తలూపిందని టిక్ పెట్టేయకండి. “ఇంటికెళ్లాక మీవాళ్లు అడిగితే ఏం చెప్తారు?” అని అడగండి. “బియ్యం కోసం రాసుకున్నారని చెప్తా” అంటే మీరు చెప్పింది అర్థం కాలేదన్నమాట. మళ్లీ మొదటి నుంచి చెప్పాలి, విసుక్కోకుండా.

దుబాసీ ఎవరన్నదీ చూసుకోండి. కాక్స్ బజార్ చుట్టుపక్కల స్థానికులు మాట్లాడే చిట్టగాంగ్ మాట రోహింగ్యా భాషకు దగ్గరే అయినా రెండూ ఒకటి కావు. బ్లాకు పెద్దను, అంటే మాఝీని, పక్కన కూర్చోబెట్టుకుంటే పని చకచకా సాగుతుంది, నిజమే. కానీ ఆయన ముందు నోరువిప్పి వద్దనేవాళ్లు తక్కువ.

అభ్యాసం: మీ దగ్గరున్న ఏదైనా దరఖాస్తు తీసుకోండి. అందులో సాయానికి అక్కర్లేని గడులన్నీ పెన్సిల్‌తో కొట్టేయండి. మిగిలినవి చదువురాని మనిషికి నోటితో వివరించి, తిరిగి చెప్పించుకోండి. వచ్చే పాఠంలో తల్లిదండ్రుల నుంచి విడిపోయిన పిల్లల ఫైలు తీసుకుందాం.