ఒక్క కార్డే ఆటనంతా మింగేస్తోందా? ఖర్చు పెంచే ముందు ఇది చూడండి

సమస్య: మ్యాజిక్ (ద గ్యాదరింగ్) అనే కార్డుల ఆటలో మీ గ్యాంగ్‌లో ఎవరో సొంతంగా తయారుచేసిన కార్డు ఒకటి దిగిందంటే ఆట అక్కడికి అయిపోయినట్టే. దించినవాడు ఒక్కడే పావుగంట ఆడుకుంటాడు, ఎదుటివాడు ఫోన్ తీస్తాడు. మా అనంతపురంలో ఆదివారాలు ఆడే పిల్లలు జెరాక్స్ షాపులో ప్రింట్ తీసి తెచ్చే కార్డుల్లో నేను ఎక్కువగా సరిచేసేది దీన్నే.

అందరూ వెంటనే చేసేది మనా (కార్డు ఆడేందుకు కట్టే శక్తి) ఖర్చు మూడు నుంచి ఐదుకు పెంచడం. ఆగప్పా. ముందు ఆ కార్డును ఎదుటివాడి చేత గట్టిగా చదివించండి, రాసినవాడి చేత వద్దు, ఎందుకంటే వాడు తన మనసులో ఉన్నదే చదువుతాడు. "ఒక క్రీచర్" (పోరాడే ప్రాణి కార్డు) అని ఉందా, "నీ క్రీచర్" అని ఉందా? మ్యాజిక్‌లో 2019లో వచ్చిన ఓకో అనే కార్డు ఎదుటివాడి క్రీచర్‌ను కూడా 3/3 (బలం 3, ప్రాణం 3) దుప్పిగా మార్చేయగలదు. ఆ నవంబర్‌లోనే దాన్ని స్టాండర్డ్‌లో (కొత్త సెట్ల కార్డులతోనే ఆడే పోటీ రకం) బ్యాన్ చేశారు. ఇంత చిన్న చెక్ ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

చదివించినా దొరకలేదంటే అసలు దొంగ వేరే చోట ఉన్నాడు. కార్డు మీద "టర్న్‌కు రెండుసార్లే" అని లిమిట్ కనిపిస్తుంది, అందరూ ధైర్యంగా ఉంటారు. "అన్నా, రెండుసార్లే కదా రాసినా!" అంటారు. ఆ రెండు ఎవరి లెక్క? రేషన్‌లో బియ్యం తలకు ఇంత, చక్కెర కార్డుకు ఇంత అన్నట్టు, ఇక్కడా లెక్క తలకా ఇంటికా అన్నదే చూడాలి.

2024 జూన్‌లో వచ్చిన నాదు అనే పక్షి కార్డు చూడండి. మీ క్రీచర్ దేనికైనా టార్గెట్ అయితే డెక్ పైకార్డు తెరవాలి, ల్యాండ్ (మనా ఇచ్చే కార్డు) అయితే నేరుగా బోర్డు మీదికి, కాకపోతే చేతిలోకి. టర్న్‌కు రెండుసార్లే, కానీ ఆ రెండు ఒక్కో క్రీచర్‌కు! పక్కన షూకో పెట్టండి, సున్నా మనాకే తగిలించే ఆయుధం అది, తగిలించిన ప్రతిసారీ టార్గెట్ లెక్కే. నాలుగు క్రీచర్లుంటే ఊరికే ఎనిమిది కార్డులు. ల్యాండ్ దిగినప్పుడల్లా కొత్త క్రీచర్‌ను పుట్టించే కార్డు కూడా తోడైతే, పుట్టిన ప్రతిదానికీ మళ్ళీ రెండు. చివర్లో చేసిన మార్పు తర్వాత ఆ కార్డును ఆడి చూడలేదని, సున్నా ఖర్చు సంగతి తట్టలేదని డిజైనర్ మైకేల్ మేజర్స్ స్వయంగా రాశారు. ఆగస్టు 26న మోడర్న్ అనే పోటీ రకంలో బ్యాన్ అయింది.

పరిష్కారం: "టర్న్‌కు మొత్తం మీద రెండుసార్లు, ఎన్ని క్రీచర్లున్నా" అని పూర్తిగా రాయండి. తర్వాత మీ పెట్టెలో ఉన్న సున్నా ఖర్చు కార్డులన్నీ తీసి దాని పక్కన పరిచి, ఒక్కోదాన్ని కలిపి చూడండి. ఒక్క అంకె మార్చినా మళ్ళీ ఆడండి, తగ్గించే మార్పు అయినా సరే. స్కల్‌క్లాంప్ అనే ఆయుధ కార్డు తగిలించిన క్రీచర్ ప్రాణం ఒకటి తగ్గిస్తుంది. ఆ మైనస్ ఒకటి చూడ్డానికి నష్టమే, కానీ చిన్న క్రీచర్‌కు తగిలిస్తే అది చచ్చి ఒక్క మనాకు రెండు కార్డులు ఇస్తుంది. 2004లో అదీ బ్యాన్ అయింది.

షఫుల్ సరిగా లేకపోవడం, స్లీవ్‌లో (కార్డుకు తొడిగే ప్లాస్టిక్ కవర్) కార్డు వంగి గుర్తు తెలిసిపోవడం, ఇవీ ఉంటాయి గానీ అరుదు. స్లీవ్ మారిస్తే చాలు.