తప్పుడు సివిల్ దావాను ఎలా ఎదుర్కోవాలి?

హక్కు ఏమీ లేని మనిషి రైతు భూమి మీద ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) కోరుతూ దావా వేసి, ఏళ్ల తరబడి వాయిదాలకు తిప్పి, విసిగించి రాజీకి దించడం మన జిల్లాల్లో తరచూ వినే సంగతే. అలాంటివారు ప్రధానంగా నమ్ముకునేది ప్రతివాది భయాన్ని, గైర్హాజరును. అందుకే మొదటి నెలలో చేసే పనులు అన్నిటికన్నా ముఖ్యమైనవి.

ముందుగా సమన్లు తీసుకోండి. వద్దని తిప్పి పంపితే కోర్టు అమీను వాటి నకలును తలుపుకు అంటించి వెళ్తారు, కోర్టు అవి అందినట్టే పరిగణించవచ్చు; ఆపై వాయిదాకు ఎవరూ రాకపోతే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే విచారణ సాగిస్తారు. సమన్లతో పాటు దావా ప్రతి కూడా రావాలి.

ఆ ప్రతి చివర ఉండే ఆస్తి షెడ్యూలును మీ రిజిస్టర్డ్ దస్తావేజు పక్కన పెట్టుకుని, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఒక్కొక్కటిగా సరిచూడండి. నంబరు ఒకటే అయినా, మీ దస్తావేజులో తూర్పున పంట కాలువ ఉంటే వారి షెడ్యూలులో మరొకరి పొలం కనిపించిందనుకోండి, వారు చూపే కాగితం అదే నంబరులోని వేరే ముక్కకు సంబంధించినది కావచ్చు. ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం), పాసుపుస్తకం, పాత పహాణీలు లేదా అడంగళ్ల నకళ్లు కూడా అప్పుడే తీసుకోండి.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి; కారణాలు నమోదు చేసి కోర్టు దానిని 90 రోజుల వరకు పొడిగించవచ్చు. ఈలోగా వాది మీ మాట వినకుండానే తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చుకుని ఉంటే, దానిని రద్దు చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39, రూల్ 4 కింద వెంటనే దరఖాస్తు పెట్టండి.

దావాకు కారణమే లేకపోయినా, కాలదోషం పట్టినట్టు (దావా వేసే గడువు దాటిపోయినట్టు) దావాలోని మాటలే చెబుతున్నా, అదే కోడ్ ఆర్డర్ 7, రూల్ 11 కింద దానిని తిరస్కరించమని కోరవచ్చు. ఈ దశలో కోర్టు చూసేది దావాను, దానితో జతచేసిన పత్రాలను మాత్రమే; మీ వాదం ఎంత బలమైనదైనా లెక్కలోకి రాదు. పదాల నేర్పుతో లేని కారణాన్ని ఉన్నట్టు చూపే దావాలను మొదట్లోనే తుంచివేయాలని అరివందందం కేసులో సుప్రీంకోర్టు 1977లోనే గట్టిగా చెప్పింది.

దావా తప్పుడిదని, అది వాదికి తెలుసని జవాబులోనే స్పష్టంగా రాయించండి. అదే కోడ్ సెక్షన్ 35ఎ కింద పరిహార ఖర్చులు కోరడానికి ఆ అభ్యంతరం అవసరం. సాధారణ దావాల్లో ఆ పరిహారానికి పరిమితి 3,000 రూపాయలే. ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగిన మనిషికి ఇది అన్యాయమైన మొత్తమని నా అభిప్రాయం. తగిన ఆధారం లేకుండా ఇంజంక్షన్ తెచ్చినందుకైతే సెక్షన్ 95 కింద దరఖాస్తు పెట్టి 50,000 రూపాయల వరకు అడగవచ్చు. అయితే ఆ దరఖాస్తు మీద ఉత్తర్వు వచ్చాక అదే ఇంజంక్షన్ గురించి పరిహారం కోసం వేరే దావా వేయడం కుదరదు కనుక, నష్టం పెద్దదైతే ఏ దారి మేలో న్యాయవాదితో ముందే మాట్లాడుకోండి.