ముద్ద ఎక్కడికి పోతుంది? పాఠం 3: చిన్నపేగు

పోయిన పాఠంలో ముద్దను జీర్ణాశయం దాకా తీసుకొచ్చాం. ఈ పాఠం అయ్యేసరికి పళ్ళెంలో ఉన్న ఏ పదార్థం ఏ దారిన రక్తంలో కలుస్తుందో మీరే కాగితం మీద గీయగలగాలి. మనం తీసుకునే ముద్ద: నెయ్యి వేసి కలిపిన పప్పన్నం.

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. మింగేసినంత మాత్రాన అన్నం ఒంట్లో చేరినట్టు కాదు. నోటి నుంచి మలద్వారం దాకా ఉన్నది ఒకే గొట్టం. దాని గోడ దాటితేనే తిండి ఒంటికి పట్టేది. ఆ దాటడం చాలావరకు చిన్నపేగులోనే జరుగుతుంది. అక్కడి లోపలి గోడ మీద టర్కీ తువ్వాలు పోగుల్లా ఆంత్రచూషకాలు ఉంటాయి. ఒక్కోటి దాదాపు మిల్లీమీటరు పొడవు ఉంటుంది.

అన్నంతో మొదలుపెడదాం. పిండిపదార్థం విరగడం ఇంట్లోనే చూడొచ్చు. రెండు గ్లాసుల్లో చల్లారిన పల్చటి గంజి కొద్దికొద్దిగా పోయండి. ఒకదాంట్లో చెంచాడు ఉమ్మి కలిపి ఓ పావుగంట ఆగండి. ఇప్పుడు రెండింట్లోనూ ఒక్కో చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి. ఉత్త గంజి నల్లటి నీలం రంగుకు తిరుగుతుంది. రెండోదాంట్లో రంగు బాగా తగ్గుతుంది, ఒక్కోసారి అసలు రాదు. ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైము (తిండిని విరగ్గొట్టే పదార్థం) పిండిని అప్పటికే విరగ్గొట్టేసింది. (చూశాక పారబోయండి, నోట్లో పెట్టకూడదు.)

జీర్ణాశయంలోని ఆమ్లం ఈ అమైలేజ్‌ను ఆపేస్తుంది. చిన్నపేగులో క్లోమం పంపే అమైలేజ్ మళ్ళీ పని అందుకుంటుంది. చివరి కోత పేగు గోడ మీది ఎంజైములది. అప్పటికి మిగిలేది గ్లూకోజ్.

గ్లూకోజ్ ఒంటరిగా లోపలికి రాదు, ఉప్పులో ఉండే సోడియంను వెంటబెట్టుకుని వస్తుంది. ఆ రెండింటి వెనక నీళ్ళు వస్తాయి. శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించిన ఈ విషయమే ఓఆర్‌ఎస్‌కు (విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, గ్లూకోజ్ నీళ్ళకు) ఆధారం. కలరాలో నీళ్ళు ధారగా పోతున్నా గ్లూకోజ్, సోడియం కలిసి వచ్చే ఈ ద్వారం మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. అందుకే 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్‌లో బంగ్లాదేశ్ శరణార్థులకు సెలైన్ చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించి ఎంతోమందిని బతికించారు. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళే కలపాలనీ, రుచి కోసం పంచదార ఎక్కువ వేయకూడదనీ చెప్పేది కూడా ఇందుకే. పంచదార ఎక్కువైతే పేగులోకే నీళ్ళు లాగి విరేచనాలు పెంచుతుంది.

పప్పులోని ప్రోటీన్‌ను జీర్ణాశయంలో పెప్సిన్, చిన్నపేగులో ట్రిప్సిన్ విడగొడతాయి. చివరికి తేలే అమైనో ఆమ్లాలు, గ్లూకోజ్ లాగే, రక్తంలో కలిసి ముందు కాలేయానికి వెళ్తాయి.

నెయ్యి దారి వేరు. పైత్యరసం దాన్ని సన్నటి బిందువులుగా చేస్తుంది, లైపేజ్ విడగొడుతుంది. పేగు కణంలోకి వెళ్ళాక ఆ ముక్కలు మళ్ళీ కొవ్వుగా అతుక్కుంటాయి. అది రక్తంలోకి నేరుగా పోకుండా శోషరస నాళాల్లోకి (రక్తనాళాలు కాని వేరే నాళాల్లోకి) వెళ్ళి, మెడ కింద ఎడమవైపు పెద్ద సిరలో కలుస్తుంది. అంటే కాలేయాన్ని పక్కనబెట్టి వెళ్తుంది. బొమ్మలో చాలామంది తప్పు గీసేది ఇక్కడే.

అభ్యాసం: ఇడ్లీ, వేరుశనగ చట్నీకి ఇలాగే మూడు దారులూ గీయండి. చట్నీలోని పీచు దగ్గర గీత ఆపేయండి. దాన్ని పెద్దపేగు పాఠంలో పూర్తి చేద్దాం.